పాత యుద్ధవిమానాల గడియారాలు: ఇనుము కొట్టులో దొరికింది, అసలు ఏమిటిది?

కోటగుమ్మం (విజయనగరం)
అందరికీ నమస్కారం అండి. ఇన్నాళ్లూ హెచ్‌ఎంటీ చేతి వాచీల విభాగంలో తిరిగేవాణ్ని, ఇటువైపు కొత్త. దాసన్నపేట వైపు ఒక పాత ఇనుము కొట్టులో ఈ గడియారం కనిపించింది. నల్ల డయల్, మూడు అంగుళాలు దాటిన వెడల్పు. పెద్ద డయల్‌లోనే పైన ఒకటి, కింద ఒకటి చిన్న డయల్స్. ఎడమవైపు ఎర్ర నాబ్, కుడివైపు ఇంకో నాబ్. వెనక కరెంటు కనెక్షన్‌కి సాకెట్ లాంటిది ఉంది.

కొట్టాయన చెప్పిన కథేంటంటే, 1942లో వైజాగ్ మీద బాంబులేసిన జపాన్ విమానంలోదట, వాళ్ల తాతగారికి దొరికిందట. 4,500 అడిగాడు. బేరమాడి తెచ్చాను. ఇంటికొచ్చి కీ ఇద్దామంటే నాబ్ తిరుగుతోంది కానీ గడియారం నడవట్లేదు. దీనికి కరెంటు ఇవ్వాలా? ఫొటోలు పెట్టాను. తెలిసినవాళ్లు చెప్పండి.

బొబ్బిలి కుర్రోడు
వెనక సాకెట్ ఉందంటే కరెంటుదే బ్రో. బైక్ బ్యాటరీ తగిలించి చూడు. అలాగే ఆ ఫ్రేమ్ రంగు ఊడిపోయింది కదా, గరుకు కాగితంతో రుద్ది నల్ల స్ప్రే కొట్టు, కొత్తదాన్లా మెరుస్తుంది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
బాబూ, ముందు ఆ బ్యాటరీ పక్కన పెట్టండి. గరుకు కాగితం అయితే ఇంట్లోంచే తీసెయ్యండి.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. మీ ఫొటోలోది రష్యా వాళ్ల ఏసీహెచ్‌ఎస్-1. చెల్యాబిన్స్క్ ఫ్యాక్టరీ సరుకు. ఆ ఫ్యాక్టరీ మొదలైందే 1947లో. అంచేత 1942 ఏప్రిల్ 6న వైజాగ్ మీదికి వచ్చిన జపాన్ విమానంలో ఈ గడియారం ఉండే అవకాశమే లేదు. కథ బాగుంది, కానీ కథకి డబ్బులివ్వకండి. మిగ్-21లో, ఏఎన్-12 లాంటి రవాణా విమానాల్లో, ఎంఐ-8 హెలికాప్టర్లలో ఈ రకమే ఉండేది.

ఇది పూర్తిగా స్ప్రింగు గడియారం. నడవడానికి కరెంటు అక్కర్లేదు. వెనక సాకెట్ లోపలి హీటర్‌కి. పైన ఎత్తులో కాక్‌పిట్ చల్లబడితే లోపలి నూనె గట్టిపడి గడియారం వెనకపడుతుంది, అందుకని 27 వోల్టుల డీసీతో వెచ్చగా ఉంచుతారు. మన విజయనగరం ఎండల్లో ఆ హీటర్‌తో మీకు పనేమీ లేదు.

ఇక నడవకపోవడం సంగతి. రెండు చూడండి. కీ ఇవ్వాల్సింది ఎడమ ఎర్ర నాబ్‌తో, అదీ ఎడమవైపుకి, అంటే గడియారం ముళ్లు తిరిగే దిశకి ఎదురుగా. మనందరికీ కుడివైపు తిప్పే అలవాటు కదా, కుడివైపు తిప్పితే ఊరికే తిరుగుతుంది, స్ప్రింగు బిగవదు. రెండోది, కుడి నాబ్‌ని కుడివైపుకి తిప్పి ఉంచితే మొత్తం గడియారమే ఆగిపోతుంది. టైము సెకన్లతో సహా సరిపెట్టుకోడానికి పెట్టిన ఏర్పాటది. ఎవరో అలా తిప్పి వదిలేసి ఉంటారు. దాన్ని ఎడమవైపుకి మెల్లగా తిప్పండి. బలవంతం వద్దు.

కోటగుమ్మం
సార్!! నడుస్తోంది! కుడి నాబ్ కాస్త ఎడమవైపు తిప్పగానే టిక్‌టిక్ మొదలెట్టింది. నేను ఇందాకట్నుంచి కుడివైపే కీ ఇస్తున్నాను. మా ఆవిడ అయితే డబ్బులు గంగలో పోశావని పొద్దున్నించీ క్లాసు పీకుతోంది.

ఆ చిన్న డయల్స్ ఎందుకు సార్? పైదాంట్లో చిన్న కిటికీ ఉంది, అందులో ఎరుపు కనిపిస్తోంది.

నాగావళి గట్టు
సంతోషం. కానీ ఆట్టే నడపకండి, ఎందుకో ఆఖర్న చెప్తాను.

పై చిన్న డయల్ ఫ్లయిట్ టైము. పైలట్ బండి కదిలించేముందు ఎర్ర నాబ్ నొక్కుతాడు, అక్కణ్నుంచి గాల్లో ఎంతసేపు ఉన్నాడో గంటలు, నిమిషాల్లో చూపిస్తుంది. ఆ కిటికీలో ఎరుపు ఉంటే అది నడుస్తున్నట్టు. మళ్లీ నొక్కితే ఆగుతుంది, సగం ఎరుపు సగం తెలుపు వస్తుంది. మూడోసారి నొక్కితే ముళ్లు సున్నాకి వెళ్లి పూర్తి తెలుపు. ఇంజను రొదలో, వణుకులో, ముళ్లు పరికించి చూసే తీరిక లేనప్పుడు రంగు చూస్తే చాలు. కింద డయల్ స్టాప్‌వాచ్, దాన్ని కుడి నాబ్ నొక్కి నడపాలి.

ఈ స్టాప్‌వాచ్ అలంకారం కాదండి. మబ్బుల్లో బయటేమీ కనిపించనప్పుడు విమానాన్ని సరిగ్గా ఇన్ని డిగ్రీలు తిప్పాలంటే సెకన్లు లెక్కపెట్టడమే దారి. సెకనుకి 3 డిగ్రీల చొప్పున తిరిగితే పూర్తి చుట్టుకి 2 నిమిషాలు. అంటే 90 డిగ్రీలకి 30 సెకన్లు. దారి కట్టడమూ అంతే: వేగం తెలుసు, దిక్కు తెలుసు, ఎంతసేపయిందో తెలిస్తే ఎక్కడున్నామో మ్యాపు మీద వేలు పెట్టొచ్చు. ట్యాంకులో ఇంధనం ఇంకెంతసేపు వస్తుందన్న లెక్క కూడా గడియారంతోనే. ఇవాళ జీపీఎస్ ఉన్నా కాక్‌పిట్‌లో గడియారం ఉండి తీరాల్సిందే.

ఎందుకు నడపొద్దన్నానంటే, లోపలి నూనె ఎప్పుడో ఎండి జిగురైపోయి ఉంటుంది. అలాగే నడిపితే పివట్లు, అంటే చక్రాల ఇరుసుల మొనలు, అరుగుతాయి. పూర్తి కీ ఇస్తే మూడు రోజులు నడిచే యంత్రం ఇది. మీది ఒక్క రోజుకే ఆగిపోతే సర్వీసింగ్ కావాలన్నమాట.

గంటస్తంభం (విజయనగరం)
నేను వాచీ రిపేరు చేస్తాను, మా నాన్నగారి కాలం నుంచీ కొట్టు ఉంది. సార్ చెప్పింది నిజం. నా దగ్గరికి ఇలాంటివి అప్పుడప్పుడు వస్తాయి. అందరూ చేసి తెచ్చే పని ఒకటే, సందులోంచి కుట్టుమిషను నూనె పోసేయడం. ఒకాయన కొబ్బరి నూనె పోశాడు. దయచేసి ఏమీ పోయకండి. విప్పి, పాత జిగురు కడిగి, గడియారాల కోసం చేసిన సింథటిక్ నూనె సూది మొనతో ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టాలి. పళ్లచక్రాలకి అసలు నూనె పెట్టరు, వాటి ఇరుసులకే.

ఒక్క మాట మాత్రం, డయల్ మరీ పోయి ఉంటే రంగేయించడంలో తప్పేముంది? నా దగ్గరికొచ్చే పదిమందిలో తొమ్మిదిమంది డయల్ తళతళలాడాలనే అడుగుతారు.

జీడిపిక్క (పలాస)
మాస్టారూ, అక్కడే నాకూ మీకూ పడదు 😄 మీరు హెచ్‌ఎంటీ పైలట్ వాచీలకి ఏం జరిగిందో చూశారు కదా. డయల్స్ అన్నిటికీ కొత్త రంగులేసి 'ముంబై స్పెషల్' చేసి వదిలారు, ఇప్పుడు అసలుది దొరకాలంటే దీపం పెట్టి వెతకాలి. విమానం గడియారం మీద రంగు మాసిపోవడం, స్క్రూల దగ్గర గీతలు, ఫ్రేమ్ అంచుల్లో లోహం కనబడ్డం, ఇవన్నీ అది నిజంగా పని చేసిందనడానికి గుర్తులు. అవి చెరిపేస్తే ఇక దాన్ని సంత బొమ్మతో పాటు పెట్టుకోవడమే.

నా దగ్గర ఎక్కువ అమెరికావి. వాల్తామ్ ఏ-13ఏ రెండు, ఏబీయూ-11 ఒకటి. వాల్తామ్ వాచీ కంపెనీ 1957లో వాచీలు ఆపేసినా, విమాన గడియారాల పని వేరే పేరుతో కొనసాగింది. ఇవి ఒకసారి కీ ఇస్తే 8 రోజులు నడుస్తాయి. రష్యా వాటికన్నా చిన్నవి. అమెరికా ప్యానెళ్లలో 3⅛ అంగుళాల రంధ్రం, 2¼ అంగుళాల రంధ్రం అని రెండు సైజులుంటాయి, ఈ గడియారాలు చిన్న రంధ్రంలోవి. బల్ల మీద పెట్టుకోడానికి చక్కగా ఉంటాయి, కానీ నిజం చెప్పాలంటే అందంలో ఆ రష్యా ఎర్ర నాబ్ ముందు నిలబడవు.

నాగావళి గట్టు
రంగు విషయంలో మీ ఇద్దరి మధ్యలో దూరుతున్నాను. 'అసలుది, చెయ్యి పడనిది' అన్న మాట విమాన గడియారాల విషయంలో కాస్త జాగ్రత్తగా వాడాలండి. మా వర్క్‌షాపుల్లో గడియారం ఎప్పుడూ ఒంటరిగా ఉండేది కాదు. వాడకానికి పెట్టిన గంటలు నిండగానే ప్యానెల్ నుంచి దిగుతుంది, ఓవర్‌హాల్‌కి, అంటే పూర్తిగా విప్పి బాగుచేయడానికి, వెళ్తుంది. అక్కడ ఒకదాని బ్యాలెన్స్ వీల్ ఇంకోదానికి, దీని గ్లాసు దానికి. మళ్లీ ఏ విమానానికి బిగిస్తారో దానికి వెళ్తుంది, పాత విమానానికే వెళ్లాలని రూలేం లేదు. కాబట్టి 'ఫలానా నంబరు విమానంలోది' అని ఎవరైనా అమ్మితే కాగితం అడగండి. కాగితం లేకపోతే అది మాటే.

అయితే వర్క్‌షాపులో జరిగిన రిపేరు వేరు, అమ్మడానికి వేసిన రంగు వేరు. మొదటిది దాని చరిత్రలో భాగం. రెండోదాన్ని నేనూ ఒప్పుకోను.

బొబ్బిలి కుర్రోడు
సరే సరే, స్ప్రే క్యాన్సిల్. కానీ కోటగుమ్మం అన్నా, రాత్రి లైటు తీస్తే ఆ ముళ్లు మెరుస్తున్నాయా? మెరిస్తే మంచం పక్కన పెట్టుకో, కిరాక్ ఉంటుంది.

కోటగుమ్మం
లేదు తమ్ముడూ, అస్సలు మెరవట్లేదు. అంకెల మీద రంగు పసుపు, గోధుమ మధ్యలో ఉంది. మెరుపు పోయిందంటే ప్రమాదం లేనట్టేగా?

భౌతికం మాస్టారు (శ్రీకాకుళం)
ఆగండి ఆగండి. ఇది అందరూ పడే పొరపాటు, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను.

పాత విమాన గడియారాల్లో చాలావాటికి అంకెలు, ముళ్ల మీద రేడియం కలిపిన రంగు వేసేవారు. ఆ రంగులో రెండు పదార్థాలుంటాయి. రేడియం కిరణాలు వదులుతుంది, జింక్ సల్ఫైడ్ ఆ దెబ్బకి వెలుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ దెబ్బతినేది జింక్ సల్ఫైడ్. రేడియం-226 సగానికి తగ్గాలంటే 1600 ఏళ్లు పడుతుంది. అంటే మెరుపు చచ్చిపోయినా కిరణాలు మొదటి రోజు ఎంతున్నాయో ఇప్పుడూ దాదాపు అంతే ఉంటాయి. మెరవట్లేదు కాబట్టి ఫరవాలేదనుకోవడం తలకిందులు లెక్క. తర్వాతి రోజుల్లో ట్రిటియం వాడారు, అది 12 ఏళ్ల చిల్లరకే సగమవుతుంది, దానితో ఇంత గొడవ లేదు.

కంగారు కూడా పడకండి. రేడియం వదిలే ఆల్ఫా కణాల్ని గ్లాసే ఆపేస్తుంది. గామా కిరణాలు బయటికొస్తాయి కానీ దూరం రెట్టింపైతే వాటి ప్రభావం నాలుగో వంతుకి పడిపోతుంది. హాల్లో అల్మరాలో ఒక గడియారం ఉంటే టెన్షన్ అక్కర్లేదు. మంచం తలవైపు మాత్రం పెట్టకండి, పిల్లల చేతికివ్వకండి.

అసలు ప్రమాదం గ్లాసు తీసినప్పుడు. ఎండిన రంగు పొడై రాలుతుంది, అది ఊపిరితోనో, వేళ్లకి అంటుకుని తిండితోనో లోపలికి వెళితే శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. అమెరికాలో 1920ల ప్రాంతంలో డయల్స్‌కి ఈ రంగేసిన అమ్మాయిలు కుంచె మొన పెదాలతో సన్నంగా చేసుకునేవారు. దవడ ఎముకలు పుచ్చిపోయి ఎంతమంది పోయారో. వాళ్ల కేసుల తర్వాతే ఫ్యాక్టరీల్లో జాగ్రత్తలు మొదలయ్యాయి.

ఇంకోటి, రేడియం నుంచి రేడాన్ వాయువు పుడుతుంది. ఒకటీ అరా అయితే పట్టించుకోకండి. పది గడియారాలు గాలాడని బీరువాలో పెట్టి తాళం వేస్తే మాత్రం తలుపు తీసినప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి.

గంటస్తంభం
మాస్టారూ, నిజంగా భయపెట్టారు. మా కొట్టులో నాన్నగారు ఇలాంటి డయల్స్ చాకుతో గీకి కొత్త రంగేసేవారు. ఇప్పుడు నేను విప్పాలంటే ఏం చెయ్యమంటారు?

భౌతికం మాస్టారు
ముందు అది రేడియమో కాదో తేల్చుకోవాలి. రంగు చూసి చెప్పలేం, యూవీ టార్చి వేసి తేల్చేస్తాం అనేవాళ్లని నమ్మకండి. కిరణాల్ని లెక్కపెట్టే గీగర్ కౌంటర్ ఒక్కటే దారి. మా డిపార్టుమెంటులో ఉంది, కోటగుమ్మం గారు శ్రీకాకుళం వస్తే పెట్టి చూద్దాం, అయిదు నిమిషాల పని.

రేడియం అయితే డయల్ని గీకడం, కడగడం, ఊదడం ఏదీ వద్దు. యంత్రం సర్వీసు చేయాలంటే డయల్, ముళ్లు తీయక తప్పదు కాబట్టి ఆ పని తడి గుడ్డ పరిచి, గ్లవుజులు, మంచి మాస్కు వేసుకుని, టీ గ్లాసు, బీడీ పక్కన లేకుండా చేసేవాళ్లకే ఇవ్వాలి. లేదంటే నడపకుండా ఉంచుకోవడమే మేలు. నన్నడిగితే రెండోదే.

పగిలి పనికిరాని డయల్ ఉంటే చెత్తలోనో, తిరిగి ఇనుము కొట్టులోనో పడేయకండి. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్‌కి రేడియోధార్మిక కోబాల్ట్-60 ఉన్న యంత్రం చేరి ఒకరి ప్రాణం పోయింది. దానికీ మన గడియారానికీ పోలికే లేదు, అది ఎన్నో రెట్లు తీవ్రం. కానీ తుక్కులో ఏం కలుస్తుందో ఎవరికీ తెలియకపోవడం రెండు చోట్లా ఒకటే. అలాంటి వాటికి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) ఉంది, వాళ్లని అడగాలి.

కోటగుమ్మం
వచ్చే ఆదివారం వస్తాను మాస్టారూ. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తెస్తే చాలా?

భౌతికం మాస్టారు
చాలు. జిప్ కవర్లో వేసి డబ్బాలో పెట్టండి. కుదుపుకి రంగు రాలకుండా చుట్టూ గుడ్డ పెట్టండి. అరసవల్లి దర్శనం కూడా చూసుకుని వెళ్లొచ్చు.

జీడిపిక్క
నేను తిత్లీ తుఫానప్పుడు చూసిన సంగతి చెప్తాను, మన జిల్లాల వాళ్లకి పనికొస్తుంది. 2018 అక్టోబర్‌లో పలాస దగ్గరే తీరం దాటింది కదా. పైకప్పు రేకులు లేచిపోయి అల్మరా తడిసిపోయింది, వారాల తరబడి కరెంటు లేదు. తడిసిన వాటికన్నా, తడవకుండా గాలాడని డబ్బాలో ఉన్నవే ఎక్కువ పాడయ్యాయి! లోపల చెమ్మ పట్టేసి డయల్ మీద బూజు, స్టీలు స్క్రూలకి తుప్పు. అప్పట్నుంచి డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పెట్టి, అది రంగు మారగానే వేయించి మళ్లీ పెడుతున్నాను. సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో ఇత్తడి కన్నా స్టీలు ముందు పోతుంది.

కోటగుమ్మం గారి గడియారానికి వెనక బిగించే రింగు లేదు. బూడితి ఇత్తడి పనివాళ్లకి కొలతలిస్తే స్టాండు పోతపోసి ఇస్తారు. నేను ఏ-13ఏకి చేయించాను, గడియారం కన్నా స్టాండు బాగుందని మా బావమరిది ఎగతాళి.

బొబ్బిలి కుర్రోడు
అన్నలూ, నాకూ ఒకటి కొనాలనిపిస్తోంది ఇప్పుడు. ఆన్‌లైన్‌లో 'జర్మనీ యుద్ధవిమానం గడియారం, ఒరిజినల్, 1941' అని చాలా చౌకలో ఉంది. డయల్ మీద గద్ద బొమ్మ, స్వస్తిక్ గుర్తు. కొనేయనా?

జీడిపిక్క
కొనకు తమ్ముడూ!! జర్మనీ వాళ్ల అసలు కాక్‌పిట్ గడియారాల మీద అంత ఆర్భాటం ఉండదు. మెస్సర్‌ష్మిట్ 109లో ఉండేది జంగాన్స్ జే30బీజెడ్. నల్ల డయల్, తెల్ల అంకెలు, చుట్టూ తిరిగే అంచు, కింద ఒక నాబ్, స్టాప్‌వాచ్‌కి ఒక బటన్. వెనక ఎఫ్ఎల్ 23885 అనే స్టోర్ నంబరు, అంటే మిలిటరీ సామాను జాబితాలో నంబరు. చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. గద్దలు, పుర్రెలు పెద్దగా వేసినవి మాత్రం ఎక్కువగా పాత రష్యా మోల్నియా జేబు గడియారాలకి కొత్త డయల్ తగిలించినవే. లోపలి యంత్రం నిజంగా మంచిదే, అందుకే నడుస్తుంది, జనం నమ్ముతారు.

అదే బ్రిటిష్ గడియారమైతే కిరీటం, దాని కింద ఏఎం అన్న అక్షరాలు, స్టోర్ నంబరు చూడాలి. ఏఎం అంటే ఎయిర్ మినిస్ట్రీ. ఆ ముద్రలు కూడా ఈమధ్య కొత్తగా కొడుతున్నారు. ముద్ర అంచులు పదునుగా ఉండి చుట్టూ ఉన్న లోహం పాతబడి ఉంటే అనుమానించాలి.

నాగావళి గట్టు
దీనికి ఇంకోటి కలపండి. మిగ్-21లు 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో ఆఖరిసారి ఎగిరి రిటైరయ్యాయి. ఆ మర్నాటి నుంచి అమ్మకానికొచ్చే ప్రతి రష్యా గడియారమూ 'ఇండియన్ మిగ్-21ది' అయిపోయింది. చాలావరకు తూర్పు యూరప్ నుంచి పెట్టెలకొద్దీ వచ్చినవే. గడియారంగా అవీ మంచివే, కానీ ఆ పేరుకి రెట్టింపు ఇవ్వక్కర్లేదు.

నిజంగా మన సర్వీసుది అయితే అసలు ప్రశ్న వేరే ఉంది: బయటికెలా వచ్చింది? వాడేసిన సామాను ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఈ-వేలంలో లాట్లుగా అమ్ముతారు, కొన్నవాళ్ల దగ్గర కాగితాలుంటాయి. ఆ కాగితం నకలు అడగండి. 'మా బంధువు బేస్‌లో పనిచేస్తాడు, జేబులో పెట్టుకొచ్చాడు' అని ఎవరైనా గొప్పగా చెప్తే దండం పెట్టి వచ్చేయండి. విమానం పక్కన పెట్టగానే ముందు మాయమయ్యేది గడియారమే అని ప్రపంచంలో ఏ ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసినవాడైనా చెప్తాడు. అందుకే మాకు ఆ లెక్క అంత గట్టిగా ఉండేది.

కోటగుమ్మం
కొట్టాయన చేత్తో రాసిన చీటీ ఇచ్చాడు సార్, పేరు, తేదీ, డబ్బులు. అది సరిపోతుందా?

నాగావళి గట్టు
మీరు కొన్నట్టు రుజువుకి సరిపోతుంది. దాచుకోండి. ఆయనకి ఎక్కడ్నుంచి వచ్చిందో కూడా ఒకసారి అడిగి ఆ చీటీ వెనక రాయించుకోండి. జపాన్ కథ వద్దు.

గంటస్తంభం
కోటగుమ్మం గారూ, రేడియం లేదని తేలితే నా కొట్టుకి తీసుకురండి, సర్వీసు చేస్తాను. ఉందని తేలితే నేను ముట్టుకోను, ఏమీ అనుకోవద్దు. ఇక్కడ చదివాక మా నాన్నగారి పాత డయల్స్ డబ్బా కూడా మాస్టారి దగ్గరికే తేవాలనుకుంటున్నాను.

భౌతికం మాస్టారు
తప్పకుండా. డబ్బా మూత తీయకుండా తీసుకురండి.

బొబ్బిలి కుర్రోడు
కాక్‌పిట్‌లో బిగించి ఉండగా చూడాలంటే ఎక్కడ చూడొచ్చు? కొనేముందు ఒకసారి కళ్లతో చూడాలి.

జీడిపిక్క
వైజాగ్ బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం ఉంది, 2017 డిసెంబర్‌లో తెరిచారు. నేవీ వాడిన రష్యా విమానం, లోపలికెళ్లి చూడొచ్చు. కురుసుర జలాంతర్గామికి దగ్గర్లోనే. ఆదివారం జనం తోసేస్తారు, మామూలు రోజు వెళ్లు.

మోడరేటర్
కింద ఒక సభ్యుడు పెట్టిన 'రేడియం గడియారాలు హోల్‌సేల్, కొరియర్‌లో పంపబడును' పోస్టు తీసేశాం. రేడియోధార్మిక వస్తువులు మామూలు పోస్టులో, కొరియర్‌లో పంపకూడదు. అమ్మకాలకి వేరే విభాగం ఉంది, అక్కడైనా గీగర్ రీడింగు ఫొటో లేకుండా పాత విమాన గడియారాలు ఇకమీదట పెట్టనివ్వం. చర్చ కొనసాగించండి.